జాలి ఒక్కటే చాలదు

తమిళనాడులోని గుడియాత్తం కొండల దగ్గర సరిహద్దు దాటితే, ఆంధ్రప్రదేశ్‌లో పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం. అడవికి రాష్ట్రాల గీతలు తెలియవు. ఎండాకాలంలో నీళ్ల కోసం ఊళ్ల వైపు దిగే చుక్కల దుప్పులు కుక్కల నోట చిక్కుతాయి, నేలబావుల్లో పడతాయి, వాహనాల కింద నలుగుతాయి. చూసినవారికి జాలి కలగడం సహజమే. ఆ జాలే ఒక్కోసారి ప్రాణం తీస్తుంది.

పొదలో ఒంటరిగా ముడుచుకున్న దుప్పిపిల్ల చాలాసార్లు అనాథ కాదు. తల్లి దాన్ని అక్కడ దాచి మేతకు వెళ్తుంది. ఇంటికి తెచ్చి ఆవుపాలు పడితే మనమే దాన్ని అనాథను చేసినట్టు. గాయపడిన దుప్పి చుట్టూ గుంపు కట్టి సెల్ఫీలు దిగితే, గాయం కన్నా ముందు బెదురే దాన్ని చంపగలదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టుకున్న లేదా బందీగా ఉంచిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. చేతికి దొరికితే 48 గంటల్లోగా పోలీసులకో, అటవీ అధికారులకో తెలపాలి. అయితే చట్టం చెప్పి ఊరుకుంటే సరిపోదు. అడవి అంచునే చికిత్స, వన్యప్రాణుల గురించి తెలిసిన పశువైద్యుడు అందుబాటులో ఉండాలి. కోలుకున్న జంతువు చేరవలసింది బోనుకు కాదు, అడవికి.

గాయపడిన జంతువు కనిపిస్తే కుక్కలను తరిమేయండి, జనాన్ని దూరంగా ఉంచండి, వెంటనే అటవీ శాఖకు ఫోన్ చేయండి.