హస్కీకి బందరు ఏమి చేసింది?



మొన్న మచిలీపట్నంలో ఒక పెండ్లి విందులో నా పూర్వ విద్యార్థి ఒకడు ప్రక్కన కూర్చుండి, "మాష్టారూ, పిల్లల కోసం హస్కీ పిల్లను తెస్తున్నాము. మీ యింట్లో ఉన్నది గదా, ఎట్లా పెంచాలో చెప్పండి" అని అడిగినాడు. "తేవద్దు" అన్నాను. అతడు నొచ్చుకొన్నాడు. పప్పు వడ్డించేవాడు నెత్తిమీద నిలుచుండగా చెప్పలేకపోయిన మాటలన్నీ ఈ టపాలో వ్రాస్తున్నాను. కటువుగా ఉంటే మన్నించండి.

మా యింట్లో ఉన్న మాట నిజమే. గుడివాడలో ఉండే మా అబ్బాయి 2022లో మనుమరాలి పుట్టినరోజుకు దానిని తెచ్చినాడు. పిల్ల దానికి హిమ అని పేరు పెట్టింది. ఆ నీలికళ్ళు చూచి నేనూ మురిసినాను. వద్దనవలసిన పెద్దవాడను, అనలేదు. కనుక ఈ వాదంలో మొదటి ముద్దాయిని నేనే.

మరుసటి యేడు రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగిన కొంతసేపటికి హిమ తూలి పడిపోయింది. నాలుక ముదురెరుపు తిరిగింది, నోట జిగురు చొంగ. పొట్టమీద, పాదాలమీద నీళ్ళు పోస్తూ, విసురుతూ పశువైద్యుని వద్దకు మోసుకొనిపోతే దక్కింది. అంతకు వారం ముందే ఎవరో "బొచ్చు తీయించండి, చల్లగా ఉంటుంది" అని సలహా యిస్తే మావాడు దానిని నున్నగా గొరిగించినాడు!

ఈ సలహా ఇచ్చేవారిమీద నాకు చాలా కోపం. హస్కీకి రెండు పొరల బొచ్చు. లోపలిది దూదివంటి నూగు, పైది బిరుసైన పొడుగు వెంట్రుక. అది చలిని ఆపినట్లే ఎండను కూడా కొంత ఆపుతుంది. దివిసీమలో తాటాకుటింట పుట్టినవానికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వేడిగా ఉన్నదని ఇంటి కప్పు ఊడబీకుతామా? గొరిగితే చర్మం ఎండకు కాలుతుంది. ఆ బొచ్చు మరల సరిగా రాకపోవచ్చును కూడా. చేయవలసినది దువ్వి రాలిన నూగు తీసివేయడం, అంతే.

అయితే బొచ్చు ఉంచినంతమాత్రాన బందరు దానికి సరిపడదు. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళలో కొద్దిగా పడుతుంది, అంతకు మించి ఒగర్పే దిక్కు. నాలుకమీది తడి ఆరితేనే ఒంటి వేడి దిగుతుంది. మన సముద్రపు గాలిలో తడి ఆరుతుందా? ఉక్కపోతలో మన చొక్కాయే ఆరదు గదా! నీడలో కట్టి నీళ్ళు పెట్టినాము, ఇంకేమి కావాలి అనేవారు ఈ ఉక్కను లెక్కలోకి తీసుకోవడం లేదు.

"ఏసీ వేస్తాము మాష్టారూ" అన్నాడు మా శిష్యుడు. మంచిదే. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలినప్పుడు, సుమారు 150 కుక్కలు 20 మంది బండివాళ్ళతో వంతులవారీగా 1085 కిలోమీటర్ల మంచుదారిలో మందు చేరవేసినవి. పట్టిన కాలం ఐదున్నర రోజులు. సైబీరియాలో చుక్చీ జనులు మంచుబండ్లు లాగడానికి పెంచిన జాతి ఇది. పరుగు దాని ఒంట్లోనే ఉన్నది. దానిని పది పన్నెండడుగుల పడకగదిలో బంధించి ప్రేమ అంటున్నాము. పోనీ, ఆ చల్లదనమైనా నిలకడా? తుపాను వస్తే కరెంటు ఎన్నాళ్ళకు వస్తుందో అవనిగడ్డ, నాగాయలంక వారిని అడగండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూచిన సీమ ఇది.

అసలీ మోజు ఎక్కడిది? 2003లో హచ్ ఫోను ప్రకటన వచ్చింది, ఇంటింటా పగ్ కావాలన్నారు. తరువాత గేమ్ ఆఫ్ థ్రోన్స్ వచ్చింది, తోడేలు పోలిక కావలసివచ్చి హస్కీమీద పడినారు. ఆ ధారావాహికలో నటించిన పీటర్ డింక్లేజ్ స్వయంగా 2017లో, మా కథ చూచి హస్కీలను కొనకండి అని వేడుకొన్నాడు. అదే యేడు మన దేశంలో కుక్కల పెంపకందారులు రిజిస్టరు చేసుకోవాలనీ, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదనీ నిబంధనలు వచ్చినవి. మా అబ్బాయికి అమ్మినవాడు ఒక్క కాగితమూ చూపలేదు. వీడు అడుగనూ లేదు.

గుడివాడ దాటి కైకలూరు వైపు పోతే కొల్లేరు. ఆ ప్రాంతాన బాతులను కాచే జోనంగి అనే మన కుక్క ఉన్నది. అతుక్కుపోయినట్లుండే పొట్టి బొచ్చు, నొసట ముడుతలు. మొరగడం తక్కువ, రాగం తీస్తుంది. ఎండ ముదిరితే మట్టిలో గుంట త్రవ్వుకొని పడుకొంటుంది. మా శిష్యుడు దాని పేరే వినలేదట. తెలుగు చెప్పినవాడను నేను, వానిని ఏమనను? నన్నయగారు ఆదిపర్వంలో సరమ చేత జనమేజయుని నిలదీయించిన ఘట్టం ఏటేటా పాఠం చెప్పినాను. సారమేయమునకు వ్యుత్పత్తి చెప్పి, పద్యం అప్పజెప్పించుకొని, గంట కొట్టగానే వచ్చివేసినాను.

ఇప్పటికే తెచ్చుకొన్నవారు వీధిలో విడిచిపెట్టకండి, ఆ పాపం ఇంకా పెద్దది. హిమ ఇప్పుడు బందరులో నా దగ్గరనే ఉన్నది. తెల్లవారుజామున నాలుగున్నరకు నడక, ప్రొద్దెక్కిన తరువాత వాకిలి దాటనివ్వను. రోజూ దువ్వడం, పిడుదులు ఏరడం. స్నానం చేయిస్తే నూగు అడుగుదాకా ఆరబెట్టడం పెద్ద పని, ఆరకపోతే చర్మం పాచిపోతుంది. బొచ్చు పూర్తిగా రాలేదు, వీపున ఒక మచ్చ అలాగే ఉన్నది.

నిన్న రాత్రి మళ్ళీ కరెంటు పోయింది. తడిగుడ్డ పరచిన గచ్చుమీద దానిని పడుకోబెట్టి, రెండింటిదాకా తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. మా యావిడ వచ్చి, "మీ శిష్యుణ్ణి ఒకసారి రమ్మనండి, చూచి పోతాడు" అన్నది. ఆదివారం రమ్మని కబురు పంపినాను.