ఏఐకి దుర్గి రాయి తెలుసా?

ఈమధ్య ఆఫీసులో ఎవర్ని కదిపినా ఏఐ వీడియోల గోలే. పుట్టినరోజు శుభాకాంక్షల దగ్గర్నుంచి టీమ్ లంచ్ పిలుపు దాకా అన్నీ ఎనిమిది సెకన్ల వీడియోలే. "ప్రాంప్ట్ ఎలా రాయాలి బాస్?" అని అడిగేవాళ్ళు బోలెడుమంది. "దీంతో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు?" అని అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ నాకు తగల్లేదు. ఈ టపా ఆ రెండో ప్రశ్న గురించి. మొదటిది తెలియకుండా రెండోది అర్థం కాదు కాబట్టి అదీ కాస్త చెప్తాను.

మాది దుర్గి. పల్నాడు జిల్లా, మాచర్ల దగ్గర. మిరప, పత్తి సంగతి అలా ఉంచితే మా ఊరికి పేరు తెచ్చింది రాతి శిల్పాలు. కొండపల్లి బొమ్మలకి ఉన్నట్టే వీటికీ జీఐ గుర్తింపు ఉంది. శిల్పాలు చెక్కే పెద్దాయన ఒకాయన, నాకు బాబాయి వరస, మొన్న పండక్కి వెళ్ళినప్పుడు పట్టుకున్నాడు. "ఏరా, నువ్వు సాఫ్ట్‌వేరేగా! ఆ ఏఐ ఏందో దాంతో మా పనిమీద ఒక వీడియో చేసిపెట్టు. నాలుగు ఆర్డర్లు వస్తయ్" అన్నాడు. సరే అని కూర్చున్నాను.

టూల్ పేరు చెప్పను. చెప్పినా ఆర్నెల్లలో పాతబడిపోతుంది. 2024 ఫిబ్రవరిలో ఓపెన్‌ఏఐ సోరాని చూపిస్తే అందరం నోళ్ళు తెరిచాం. 2025 మేలో గూగుల్ వియో 3 వచ్చి బొమ్మతో పాటు మాటలూ చప్పుళ్ళూ కూడా పుట్టించేసరికి ఆ ముచ్చట పాతదైపోయింది. ఏ టూల్ తెరిచినా కనబడేవి మాత్రం అవే: మాటలు రాసి వీడియో చేయించుకోవడం, ఫోటో ఇచ్చి దాన్ని కదిలించడం, వీడియో పొడవు, అడ్డమా నిలువా, ఎన్ని క్రెడిట్లు ఖర్చవుతాయి. అంతే.

ముందు మాటలతో మొదలెట్టాను. "దుర్గిలో ఒక శిల్పి రాతిమీద నంది విగ్రహం చెక్కుతున్నాడు" అని రాశాను. వచ్చిందేమిటయ్యా అంటే, తెల్లటి పాలరాయి, పెద్ద కిటికీల్లోంచి వెలుగు, మధ్యలో గడ్డం పెంచిన దొరగారు :) "ఆంధ్రప్రదేశ్" అని చేర్చాను. దొర పోయి, తలపాగాతో సినిమాలో తాతయ్యలాంటి ఆయన వచ్చాడు. ఉలి రాయికి తగులుతోంది, పెచ్చు మాత్రం రాలదు. రెండో దెబ్బకే నంది మూపురం దానంతటదే మొలిచేసింది!

ఎందుకిలా అన్నది మన వృత్తిలో ఉన్నవాళ్ళకి తేలిగ్గానే అర్థమవుతుంది. ఈ మోడల్ ఉలినీ రాయినీ లెక్కగట్టదు. లక్షల వీడియోల్లో చూసిన పోలికల్ని పట్టుకుని, ఉత్త నాయిస్‌లోంచి మెల్లమెల్లగా బొమ్మని తేటపరుస్తుంది. ఇటలీ పాలరాయి వీడియోలు నెట్లో కుప్పలు. మా దుర్గి వీడియోలు ఎన్నుంటాయి? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చేమో. తెలియనిచోట అది "తెలియదు" అనదు. తెలిసినదాన్ని తెచ్చి అతికిస్తుంది.

కొన్నాళ్ళు తిప్పలు పడ్డాక దారి దొరికింది. పనికొచ్చేవి చెప్తాను, రాసుకోండి. ఒక క్లిప్‌కి ఒకే పని, ఒకే కెమెరా కదలిక చెప్పాలి. కథంతా ఒక్క ప్రాంప్ట్‌లో కుక్కకూడదు. మన ఊరూ, మన మనుషులూ కావాలంటే మాటలు చాలవు, ఫోటో ఇచ్చి కదిలించమనాలి. వీడియోలో తెలుగు అక్షరాలు రాయమని అడగొద్దు, వంకరలు పోతాయి. అక్షరాలు తర్వాత ఎడిటింగ్‌లో వేసుకోవాలి. ముందు తక్కువ నాణ్యతలో చూసుకుని, కుదిరాకే మంచి క్రెడిట్లు ఖర్చుపెట్టాలి.

బాబాయి షెడ్డులో తీసిన ఫోటోలు నాలుగు ఇచ్చాను. ఈసారి అదిరింది. అదే రేకుల షెడ్డు, అదే దుమ్ము, ఆయన చెయ్యే. ఆ చెయ్యి ఎనిమిది సెకన్లలో ఒక లతల పట్టీ మొత్తం చెక్కిపారేసింది. ఆ పట్టీ బాబాయి ఎప్పుడూ చెక్కలేదు. అసలు ఎవరూ చెక్కలేదు.

అక్కడ ఆగాను. దొరగారి వీడియోని ఎవరూ నమ్మరు, నవ్వుకుంటారు. ఈ వీడియోని నమ్ముతారు. బెంగుళూరులో కూర్చున్నాయన చూసి "నాకూ ఇలాంటిదే కావాలి" అని అడ్వాన్సు పంపిస్తాడు. జీఐ అంటే అర్థమేమిటి? ఈ వస్తువు ఫలానా చోట, ఫలానా పనితనంతో తయారైందని కొనేవాడికి ఇచ్చే భరోసా. చెయ్యని పనిని చేసినట్టు చూపించి ఆ భరోసాని మనమే కరిగించుకుంటే, రేపు ఎక్కడో మిషన్‌మీద కోసినదాన్ని "దుర్గి శిల్పం" అని అమ్మేవాడిని ఏ నోటితో అడుగుతాం?

అందుకని నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. చూసేవాడు ఆ వీడియోని నమ్మి డబ్బు గానీ, ఓటు గానీ, ఒక మనిషి పరువు గానీ తేల్చుకునేట్టయితే, అది కెమెరాతోనే తియ్యాలి. కెమెరా వెళ్ళలేని చోటుకి మాత్రమే ఏఐ. మా దగ్గర్లోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల నాటి విజయపురి బయటపడింది. ఆ తర్వాత సాగర్ నీళ్ళలో ఆ లోయంతా మునిగిపోయింది. ఏ ఫోన్ కెమెరా ఇప్పుడు ఆ వీధుల్లోకి పోగలదు? అది ఏఐతో చేసి పిల్లలకి చూపిస్తే నాకు సంతోషమే. కాకపోతే "ఇది ఊహాచిత్రం" అని మొదటి నుంచి చివరిదాకా తెరమీద ఉండాలి.

"చాదస్తం, ఎనిమిది సెకన్లకి ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని ఇంకొకామె వీడియోకి అతికించి వదిలారు. అదీ కొన్ని సెకన్లదే. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు వచ్చి అరెస్టు చేసింది గుంటూరు జిల్లా కుర్రాణ్ణి. బీటెక్ చదివినవాడు. ఫాలోవర్లు పెరుగుతారని చేశాడని పోలీసుల కథనం. 2022 ఏప్రిల్లో పల్నాడు విడిపోయేదాకా మాదీ ఆ జిల్లానే, నాదీ ఇంజినీరింగ్ చదువే. అందుకే ఆ వార్త నాకు దూరపు వార్తలా అనిపించలేదు. టూల్ నడపడం వచ్చినవాడికి ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి కదా.

చట్టం కూడా కదిలింది. 2026 ఫిబ్రవరిలో కేంద్రం ఐటీ రూల్స్ మార్చి ఇలాంటి కృత్రిమ వీడియోలకి లేబుల్ ఉండాలంది. గూగుల్ తన వీడియోల్లో సింథ్‌ఐడీ అనే కంటికి కనబడని గుర్తు దాస్తుంది. మంచిదే. కానీ మా మామ్మ వాట్సాప్‌లో చూసేటప్పుడు కనబడని గుర్తు ఏం పనికొస్తుంది? కనబడేట్టు రాయాల్సింది మనమే.

బాబాయికి చివరికి ఫోన్‌తోనే నలభై సెకన్ల వీడియో తీసిచ్చాను. సుత్తి చప్పుడు, రాలుతున్న పెచ్చులు, మధ్యలో ఆయన దగ్గు, అన్నీ అసలువే. ఏఐని సబ్‌టైటిల్స్ తయారుచెయ్యడానికి వాడాను. "ఇంత మామూలుగా ఉందేంట్రా" అని పెదవి విరిచాడు. ఆర్డర్లు వస్తాయో రావో చెప్పలేను. వచ్చినవాళ్ళు మాత్రం చూసినదాన్నే అడుగుతారు, ఆయన చెక్కగలిగిందే అడుగుతారు.

మీ ఊళ్ళోనూ ఏ నేతగాడో, ఏ కుమ్మరో, ఏ పచ్చళ్ళ పిన్నిగారో "నువ్వు సాఫ్ట్‌వేరేగా" అని మిమ్మల్ని అడిగే రోజు దగ్గర్లోనే ఉంది. క్రెడిట్లు కొనేముందు ఒకసారి మీ ఫోన్లో కెమెరా ఉందన్న సంగతి గుర్తుచేసుకోండి. మీరేమంటారు?