గిటారు కొందాం సరే, ఏ ఆకారం?



ఈ ఏడాది వార్షికోత్సవం సందర్భంగా మన పూర్వ విద్యార్థులు తలాకొంత వేసుకుని 25 వేల రూపాయలు పోగుచేసి, హాస్టల్‌కు ఒక ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కోమని ఇచ్చిన సంగతి మీ అందరికీ తెలిసిందే. డబ్బు చేతికొచ్చిన రాత్రి నుంచే మెస్‌లో రెండు పార్టీలు తయారయ్యాయి. సినిమాలో హీరో పట్టుకునే 'వి' ఆకారం గిటారే కావాలని ఒక పార్టీ. మనకు గిటారెందుకు, డప్పు ఉంది కదా అని రెండో పార్టీ. పి.జి. చివరి సంవత్సరం చదువుతున్న మేము రెండు పార్టీలతోనూ ఏకీభవించలేకపోతున్నాం.

ముందు ఫిల్మ్‌నగర్ సంగతి చెప్పాలి. సెలవుల్లో ఖర్చుల కోసం కృష్ణానగర్ వెళ్ళి, జూనియర్ ఆర్టిస్టుల గుంపులో నిలబడి వచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. రెండేళ్ళ కింద ఒక పాట షూటింగుకు మేము ఎనిమిది మందిమి పోయాం. కాలేజీ ఫంక్షన్ సెట్టు. స్టేజీ మీద బ్యాండు, స్టేజీ కింద డప్పులు. ఒకాయన వచ్చి మమ్మల్ని వరుసగా నిలబెట్టి, ముఖాలు చూసి, కాస్త తెల్లగా ఉన్న ఇద్దరికి గిటార్లు ఇచ్చాడు. మిగతా ఆరుగురికి డప్పులు. ఎవరికి ఏది వచ్చని అడగలేదు. గిటారు దొరికిన ఇద్దరికీ గిటారు రాదు. డప్పు దొరికినవాళ్ళలో ఒకడు చిన్నప్పటి నుంచి తండ్రి వెంట తిరిగి కొట్టినవాడు. వాడు కొడుతుంటే "అట్ల కాదు, ఎగురుతూ కొట్టు" అన్నారు.

మధ్యాహ్నం భోజనాల టైములో ఆ గిటారును చేతిలోకి తీసుకుని చూశాం. ఎర్ర రంగు, వి ఆకారం. వైరు లేదు. ఆరు తీగల్లో రెండు లేవు. ఉండాల్సిన అవసరమూ లేదు, పాట ముందే రికార్డయి స్పీకర్లో మోగుతుంటుంది. అక్కడ గిటారు కెమెరా కోసం. దానికి సినిమావాళ్ళను తప్పుపట్టలేం, వాళ్ళకు కావలసింది బొమ్మ. మనం కొనేది మాత్రం మోగాలి కదా.

మోగడం అంటే ఏమిటో తెలుసుకుంటే సగం తగాదా తీరిపోతుంది. బొబ్బిలి వీణను పనసకర్ర తొలిచి చేస్తారు. ఆ డొల్ల కుండలోనే నాదమంతా ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటారు అట్లా కాదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి చుట్ట ఉంటాయి. దీన్ని పికప్ అంటారు. పైన ఉక్కుతీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుట్టి ఆంప్లిఫయరుకు పోతుంది. డొల్ల గిటారుకు పికప్ బిగించి స్పీకరు పక్కన నిలబడితే, మన మైకు కూతపెట్టినట్టే అదీ కూతపెడుతుంది. అందుకే గట్టి చెక్క గిటార్లు వచ్చాయి. 1950లో లియో ఫెండర్ కంపెనీది, అదే తర్వాత టెలికాస్టర్ అయింది. 1952లో గిబ్సన్ వాళ్ళ లెస్‌పాల్, 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్, 1958లో మన మిత్రులు మోజుపడుతున్న ఫ్లయింగ్ వి.

జూబ్లీహిల్స్‌లో ఒక దుకాణంలో మూడు ఆకారాలూ పట్టుకుని చూశాం. అక్కడి కుర్రాడు మంచివాడు, "కూసొని పట్టుకోండన్నా, అప్పుడే తెలుస్తది" అన్నాడు. నిజమే. లెస్‌పాల్ బరువు, నాలుగు కిలోల దాకా ఉంటుంది. శబ్దం మందంగా, గుండ్రంగా, చాలాసేపు నిలుస్తుంది. తీగ పొడవు 24.75 అంగుళాలే కాబట్టి తీగ లాగడం తేలిక. కానీ ఒకవైపే గాడి ఉండడంతో కింది మెట్ల మీద వేలు సరిగా అందదు. స్ట్రాట్‌కు రెండువైపులా గాడి ఉంది, వెనక కడుపు ఆనేచోట చెక్కి ఉంటుంది, ముందు ముంజేయి వాలేచోట కూడా. తీగ 25.5 అంగుళాలు, శబ్దం పలుచగా, స్పష్టంగా ఉంటుంది. ఇక వి గిటారు? కూర్చుంటే తొడ మీద నుంచి జారిపోయింది! రెండు కొమ్ముల మధ్య తొడ ఇరికించుకోవాలట. మనం వాయించేది మంచం మీదా, ట్రంకు పెట్టె మీదా కూర్చునే కదా.

చెక్క వల్ల శబ్దం మారుతుందా అనే వాదం వాయించేవాళ్ళలో ఇంకా తెగలేదు. మా చెవులకు మాత్రం చెక్క తేడా కన్నా పికప్ తేడాయే పెద్దగా వినబడింది. కాబట్టి చెక్క పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే నమ్మనవసరం లేదు.

మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని చూడండి. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు, మీటిన నాదం తొందరగా చచ్చిపోతుంది. దాని మీద గమకం నిలవదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. 2014లో ఆయన పోయేదాకా ఆ చిన్న వాయిద్యం మీదే కర్ణాటక సంగీతమంతా పలికింది. మన దేవిశ్రీ ప్రసాద్ ఆయన శిష్యుడే. ఆ మార్పు అందం కోసం చేసింది కాదు, గమకం కోసం చేసింది.

ఇక ధర. అసలు గిబ్సన్, అమెరికా ఫెండర్ లక్ష దాటే మాట, వదిలేద్దాం. స్ట్రాట్ ఆకారంలో తక్కువ ధరవి 10, 12 వేలకే దొరుకుతున్నాయి. ఇంకో కారణం ఉంది, మాకు అదే ముఖ్యం. ఒక గిటారు, వందమంది చేతులు. ఏదో ఒక రోజు పడిపోతుంది. స్ట్రాట్ మెడ నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది, విరిగితే ఇంకోటి తెచ్చి బిగించుకోవచ్చు. లెస్‌పాల్ మెడ జిగురుతో అతికిస్తారు, తల దగ్గర విరగడంలో దానికి పేరే ఉంది. స్ట్రాట్‌లో ఒక లోపం: వెనక స్ప్రింగుల వంతెన ఉన్నదైతే ఒక తీగ తెగగానే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి. లోపల చిన్న కర్రముక్క ఇరికిస్తే సరి. చోకు ట్యూబ్‌లైటు కింద కాస్త గుంయ్‌మంటుంది కూడా. భరిద్దాం. గట్టి చెక్క కాబట్టి వైరు పెట్టకుండా వాయిస్తే పక్క మంచం వాడికి కూడా సరిగా వినబడదు, స్టడీ అవర్‌లో వార్డెన్ గారితో గొడవ ఉండదు.

రెండో పార్టీ మిత్రులకు ఒక మాట. డప్పు మీద మాకు చిన్నచూపు లేదు, మా ఇళ్ళలో డప్పులున్నాయి. కానీ ముఖం చూసి "నీకు డప్పు" అన్నవాడి మాటనే మనమూ అంటే ఎట్లా? మా లెక్క ఇది: గిటారు 12 వేలు, ఆంప్లిఫయరు 6 వేలు, వైరు, బెల్టు, అదనపు తీగలు 2 వేలు. మిగిలిన 5 వేలతో డప్పులకు కొత్త తోళ్ళు వేయిద్దాం.

వార్షికోత్సవం అయ్యాక వచ్చే ఆదివారం, మధ్యాహ్నం భోజనం తర్వాత మెస్‌లో మీటింగు. వి గిటారు కావాలనేవాళ్ళు తప్పక రావాలి. పెద్ద అట్టముక్కను ఆ ఆకారంలో కత్తిరించి తెస్తాం. ట్రంకు పెట్టె మీద కూర్చుని, జారకుండా ఐదు నిమిషాలు పట్టుకుని చూపిస్తే మా ఓటు మీకే.