పగిలిన బ్యాటు, పగలని హెల్మెట్టు

మన కళాశాల క్రీడాసామగ్రి గదిలో ఏటా జరిగే తనిఖీలో ఈసారి మేమును పాలుపంచుకొన్నాము. జాబితా ముగియునప్పటికి నాలుగు క్రికెట్ బ్యాట్లు ‘పనికిరానివి’ అను శీర్షిక క్రిందకు, ఒక హెల్మెట్టు ‘బాగున్నవి’ అను శీర్షిక క్రిందకు చేరినవి. సంతకములు కూడా అయిపోయినవి. ఈ తీర్పు తలక్రిందులుగా ఉన్నదని మా అభిప్రాయము. కమిటీ పెద్దలు ఓపికతో వినవలెనని మనవి.

బ్యాటు విల్లో కర్రతో చేసినది. అది మెత్తని కర్ర. తోలుబంతి దెబ్బకు ఆగుటకై దానిని యంత్రముతో అదిమి గట్టిపరచుదురు. వాడుకలో దాని ముఖముపై వెంట్రుకవాసి చీలికలు రాక తప్పదు. అవి పెద్దవారి నుదుట ముడుతల వంటివే గాని రోగము కావు. అంచున లేచిన పెచ్చును కలప జిగురుతో అతికి, దారముతో బిగించి కట్టిన యెడల ఆ బ్యాటు మరి కొన్నాళ్ళు ఆడుతుంది. ఆట నియమములు సైతము ఇందుకు అడ్డు చెప్పవు. బ్యాటుపై వేసిన తొడుగు ఒక మిల్లీమీటరు మందమునకు మించరాదనుటయే షరతు. తేమ పీల్చి అడుగంచు ఉబ్బినదా, నీడన ఆరబెట్టి పలుచగా అవిసెనూనె రాయవలెను. ‘మరమ్మతు’ అను మాటను మన కళాశాలలోని రెండు భాషలును పంచుకొన్నవి. ఆ పనిని మాత్రము ఏ భాషవారమూ చేయుట లేదు!

అయితే చచ్చిన బ్యాటు అనునది లేకపోలేదు. బెత్తపు పిడి కర్రలోనికి దిగే కోణపు అతుకు వద్ద చీలిక వచ్చినను, ముఖమున పుట్టిన పగులు వీపువరకు పాకినను ఇక ఆశ వదులుకొనవలసినదే. పిడిని వదులుగా పట్టుకొని పాతబంతితో ముఖముపై తట్టి చూడవలెను. కర్ర ఖణేలుమని, బంతి చురుకుగా ఎగిరిన యెడల మంచిది. బొంగురు ధ్వని వచ్చి అరచేయి జిల్లుమన్న యెడల లోపల ఎక్కడో విడిపోయినదన్న మాట. ఆ నాలుగింటిని మేము ఇట్లు తట్టి చూచినాము. మూడు పలికినవి. ఒకటి మాత్రమే బొంగురుపోయినది.

ఇక హెల్మెట్టు. దాని పైచిప్ప నేటికిని నిగనిగలాడుచున్నది. కాని తలను కాపాడునది చిప్ప ఒక్కటే కాదు, లోపలి నురుగుపొర కూడ. చాల హెల్మెట్లలో ఆ పొర తాను నలిగి దెబ్బను మింగును. నలిగిన చోట మరల మునుపటి బలము రాదు. కంటికి మాత్రము ఏమియు కనిపించదు. గత ఏడు ఒక పోటీలో మన ప్రారంభ ఆటగాని చెవిపైన బంతి ఫెళ్ళున తగిలినది ఈ హెల్మెట్టుకే. అతడు దులుపుకొని లేచి ఆడగా మేమందరము చప్పట్లు కొట్టినాము. హెల్మెట్టు ఆ సాయంత్రమే మేకునకు చేరినది. తరువాత ఎందరు తల దూర్చినారో లెక్క లేదు. ముఖకవచపు మరలు కూడ తుప్పుపట్టి వదులైనవి. తోలుబంతి చుట్టుకొలత 22.4 నుండి 22.9 సెంటీమీటర్లు, అనగా అడ్డుకొలత ఏడు సెంటీమీటర్లకు కొంచెము పైన. కడ్డీని క్రిందికి లాగి చూడగా ఆ సందున బంతి దూరిపోయినది.

1962లో బార్బడోస్‌లో భారతజట్టు నాయకుడు నారీ కాంట్రాక్టరు తలకు బంతి తగిలి కపాలము చిట్లినది. ఆయన బ్రతికినారు గాని మరల టెస్టు ఆడలేదు. ఆనాటి ఆటగాండ్రకు హెల్మెట్టు లేదు. లేదని ఎరిగి ఆడినారు. మన విద్యార్థి ఉన్నదనుకొని ఆడుచున్నాడు.

ఖర్చు మాట కమిటీవారు ఎత్తుదురని మాకు తెలియును. మూడు బ్యాట్ల ధర మిగులుచున్నది గదా, దానిని ఇటు మళ్ళించవచ్చును. తప్పు మాలోను ఉన్నది. తలకు దెబ్బ తగిలినదని చెప్పుకొనుట పిరికితనమని మన కుర్రవాండ్ర భావన. గది తలుపు వద్ద ఒక పుస్తకము పెట్టి, ఏ హెల్మెట్టుకు ఏనాడు దెబ్బ తగిలినదో వ్రాయించిన యెడల అడుగవలసిన అవసరమే ఉండదు.

జాబితాపై సంతకములైన మరునాడు ఆ హెల్మెట్టును మేకునుండి తీసి, ఇంకెవ్వరును ధరించకుండ పట్టీలు కత్తిరించి, వ్యాయామోపాధ్యాయులవారి బల్లపై ఉంచినాము. అనుమతి లేక చేసినందుకు మన్నించవలెను.