వలను ఎత్తినదెవరు? కొరికినదెవరు?

బాల్యంలో మనస్సుకు హత్తుకొన్న చిత్రాలను పెద్దవారమైన తరువాత మరల చూడరాదనీ, చూచినచో ఆనాటి మాధుర్యం కాస్తా కరిగిపోతుందనీ కొందరంటూ ఉంటారు. అందరి విషయంలోనూ ఇది నిజమేమో చెప్పలేను గాని, ఇటీవల ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్‌తా’ అనే చిన్న చిత్రాన్ని పలుమార్లు చూచిన మీదట, ఈ మాటతో ఏకీభవించలేకపోతున్నాను. మాధుర్యం పోలేదు, దానికి తోడు కొన్ని ప్రశ్నలు పుట్టుకొచ్చాయి. ఆ ప్రశ్నలను పాఠకమిత్రుల ముందుంచడమే ఈ వ్యాసోద్దేశం.

ఇప్పుడు ఎన్.ఎఫ్.డి.సి.లో విలీనమైన ఫిల్మ్స్ డివిజన్ సంస్థ 1974లో నిర్మించిన యానిమేషన్ చిత్రమిది. నిడివి ఏడు నిమిషాలు. దర్శకురాలు విజయా మూలే. బొమ్మలకు చలనం కల్పించినవారు భీమ్‌సేన్. 1977లో ‘ఘరోందా’ చిత్రానికి దర్శకత్వం వహించినది ఈయనే. సంగీతం వసంత్ దేశాయ్‌ది. ఇందులో వినిపించే పసికంఠం అప్పటికింకా బాలికగా ఉన్న సాధనా సర్గమ్‌ది. ఉత్తమ విద్యాచిత్రంగా జాతీయ బహుమతిని కూడ పొందింది. దూరదర్శన్ దీనిని ఎన్నిసార్లు ప్రసారం చేసిందో లెక్కపెట్టడం కష్టం. హిందీ రాని తెలుగు పిల్లలు సైతం అర్థంతో నిమిత్తం లేకుండా ఆ పాటను వల్లించేవారు. ఉర్దూ మాతృభాషగా గల పిల్లలకది ఇంట్లో మాట్లాడుకొనే మాటల వలెనే వినిపించేది.

కథ అందరికీ తెలిసినదే. తోటలో పిల్లవాడొకడు మామిడిపండు కోయబోయి అందుకోలేకపోతాడు. అక్క మాట విని పిల్లలందరూ కలిసి ప్రయత్నించగా పండ్లు దక్కుతాయి. ఇదేమి శక్తి అని వాడడుగుతాడు. ఏకతాశక్తి అని అక్క బదులిచ్చి, ఒకటి అనగానేమి, అనేకం అనగానేమి అని మొదటినుంచి చెప్పుకొస్తుంది. సూర్యుడొకడు, చంద్రుడొకడు, నక్షత్రాలనేకం. ఒక ఉడుత, అనేకమైన ఉడుతలు. ఒక పక్షి, అనేకమైన పక్షులు. పిమ్మట వేటగాడు, గింజలు, వల. వలతో సహా ఎగిరిపోయిన పక్షులు. దానిని కొరికి విడిపించిన ఎలుకలు. చివర, ఈ దేశవాసులు రూపంలో, వేషంలో, భాషలో వేరైనా ఒక్కటేనని చాటే పాట.

పెద్దవానినై చూచినప్పుడు నాకు మొట్టమొదట తట్టిన చిక్కు ‘అనేక్’ అన్న పదంలో ఉన్నది. చిత్రం మొదటిభాగంలో ఈ మాటకు అర్థం బహువచనం మాత్రమే. ఒక ఉడుత పక్కన మరికొన్ని ఉడుతలు చేరితే అనేకం. అన్నీ ఒకే జాతివి, ఒకే పోలికవి. చివరి పాటలోనో, అదే మాటకు భిన్నత్వమని అర్థం. భాష వేరు, వేషం వేరు. మొదటిది బడిపిల్లలకు నేర్పే వ్యాకరణం. రెండవది ఒక దేశం పరిష్కరించుకోవలసిన సమస్య. ఒకే రకమైన పక్షులు కలిసి ఎగరడంలో గొప్ప ఏమున్నది? ఒక్క పోలికగల వారి కలయికను చూపి, పోలిక లేనివారి కలయికను నిరూపించినట్లు భావించడం తర్కానికి నిలువదు. బాల్యంలో ఈ తేడా మనకెవరికీ కనబడలేదు; పాట బాణీ అంత బాగున్నది మరి!

అయితే చిత్రాన్ని ఇంతటితో తోసిపుచ్చినవారు ఎలుకలను మరచినవారవుతారు. పక్షులు ఒక్కటై వలను ఎత్తగలిగాయే గాని తెంచలేకపోయాయి. వేటగాని బారినుండి తప్పించుకొన్నా, వల వాటి మీదనే ఉన్నది. దానిని కొరికినవి రెక్కలు లేని ప్రాణులు, నేలలో బొరియలు చేసుకొని బ్రతికేవి, పక్షిజాతితో ఏ చుట్టరికమూ లేనివి. మొదటి ‘అనేక్’ నుండి చివరి ‘అనేక్’కు చిత్రంలో ఏదైనా వంతెన ఉన్నదంటే అది ఈ ఎలుకలే. ఆ దృశ్యం కొద్ది క్షణాలలో ముగిసిపోవడం నాకు లోపంగానే తోచింది. స్వజాతి సంఘటనను గూర్చి ఉపన్యసించేవారు ఈ కథను ఉదాహరించడం మనమెరుగుదుము. వారు సాధారణంగా పక్షులు ఎగిరిన చోటనే కథను ఆపివేస్తారు.

ప్రాచీన కథకులు ఇక్కడ ఆగలేదు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన ‘నీతిచంద్రిక’ చదివినవారికి చిత్రగ్రీవుడనే కపోతరాజూ, హిరణ్యకుడనే మూషికమూ పరిచితులే. ఆ కథ ఉన్న భాగం పేరే ‘మిత్రలాభము’. ఈ కథయే పహ్లవీ భాషకు పోయి, అక్కడినుండి 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా చేత అరబీలో ‘కలీలా వ దిమ్నా’లో చేరింది, హెరాత్ వాసి కాషిఫీ ‘అన్వారె సుహైలీ’గా ఫారసీలో, అబుల్ ఫజల్ అక్బరు కాలాన ‘అయారె దానిష్’గా, పిదప కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో ‘ఖిరద్ అఫ్రోజ్’గా ఉర్దూలో అవతరించింది. బస్రాలో 10వ శతాబ్దంలో వెలసిన ‘ఇఖ్వానుస్సఫా’ అనే విద్వద్బృందం తమ పేరును ఈ పావురాల కథనుండియే గ్రహించిందని పండితులు కొందరి అభిప్రాయం. ఒక్క కథ మన కళాశాలలోని రెండు భాషలకూ రెండు దారులలో నడచివచ్చిందన్నమాట.

మూలకథలో హిరణ్యకుడు మొదట రాజు బంధాలను తెంచబోగా, చిత్రగ్రీవుడు వారించి, తన పరివారాన్ని ముందుగా విడిపించమంటాడు. చిత్రంలో రాజు లేడు, ఆ మాటా లేదు. తెలివిగల పక్షులన్నీ కూడబలుక్కొని ఎగురుతాయి. ప్రజాప్రభుత్వం తీసిన చిత్రంలో రాజును తొలగించడం సముచితమే. కాని రాజుతోపాటు, తన విడుదలను చివరకుంచుకొనే పెద్దరికం కూడ తొలగిపోయింది. ఏడు నిమిషాలలో అన్నీ ఇమడవనవచ్చు. ఇమిడియుంటే బాగుండేదని నా భావన.

మరొక ముచ్చట. ‘ఏక్‌తా’ను మనం ‘ఐకమత్యం’ అని తెనిగిస్తాం. అందరిదీ ఒకే మతి కావలెనన్న ధ్వని అందులో ఉన్నది. ఉర్దూలోని ‘ఇత్తెఫాక్’కు పొందిక అనీ, యాదృచ్ఛిక సంఘటన అనీ రెండర్థాలు. చిత్రంలోని పక్షుల కలయికకు నా దృష్టిలో ఈ రెండవ మాటయే తగినది. అవి సిద్ధాంతం కుదుర్చుకొని ఒక్కటి కాలేదు. ఒక వలలో పడ్డాయి, ఒక్కసారిగా రెక్కలు కొట్టాయి. అంతకుమించి వాటి మతులు ఏకం కానక్కరలేకపోయింది.

రాబోయే విద్యాసంవత్సరంలో మన తెలుగు, ఉర్దూ శాఖలు ఒక సాయంకాలం ఈ చిత్రాన్ని ప్రదర్శించి, ‘మిత్రలాభము’లోని ఆ ఘట్టాన్నీ, ‘ఖిరద్ అఫ్రోజ్’లోని అదే ఘట్టాన్నీ విద్యార్థులచేత పక్కపక్కన చదివించవలెనని కోరుతున్నాను. తెలుగు పాఠాన్ని ఉర్దూ శాఖవారు, ఉర్దూ పాఠాన్ని తెలుగు శాఖవారు చదివితే మరీ సంతోషం. ఉచ్చారణ దోషాలకు నవ్వుకొనే అవకాశం ఇరుపక్షాలకూ సమానంగా లభిస్తుంది.