అద్దెకు దొరికే మేనమామ

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల తల్లిదండ్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. ‘‘సార్, మా పోరడు వాలీబాల్ మంచిగ ఆడుతడు. ఒకాయన పెద్ద కాలేజీ టీములో సీటు ఇప్పిస్తనంటున్నడు. పైసలు ఇయ్యొచ్చునా?’’ మూడు దశాబ్దాలు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి గనుక నా దగ్గర సూటి జవాబు ఉంటుందని వారి నమ్మకం. ఇవ్వొద్దని ఒక్క మాట చెప్పి పంపడం తేలికే. కానీ ఆ డబ్బుతో వారు కొనబోతున్నదేమిటో, అదే సరుకు ఊరి మధ్య ఇళ్లవారికి ఉచితంగా ఎలా అందుతున్నదో చెప్పకుండా ఇవ్వొద్దనడం న్యాయం కాదు. ఇది పైకి క్రీడల ప్రశ్నలా కనబడుతుంది. నాకు మాత్రం మొదటి నుంచీ కులం ప్రశ్నగానే కనబడుతున్నది.

ఈ ప్రాంతం సంగతి కొంత చెప్పాలి. చేవెళ్ల నియోజకవర్గం 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయి ఉంది. మొయినాబాద్ అందులోని మండలం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో వెలువడిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. కట్టడి మాట ఎలా ఉన్నా ఫామ్‌హౌసులు వచ్చాయి, ఇంజినీరింగ్ కళాశాలలు వచ్చాయి, గంటల లెక్కన అద్దెకిచ్చే క్రికెట్ మైదానాలు వచ్చాయి. పట్టా భూములున్నవారిలో కొందరు ఎకరం అమ్మి పిల్లలను నగరంలో చదివించుకున్నారు. భూమి లేనివారు ఆ ఫామ్‌హౌసుల్లో తోటమాలులు, కాపలాదారులు అయ్యారు. కంచె వేసిన క్రికెట్ మైదానంలోకి మాదిగవాడ పిల్లవాడు బంతి అందించడానికి వెళ్లవచ్చునేమోగాని ఆడటానికి వెళ్లలేడు. వాడకు మిగిలిన ఆట వాలీబాల్. రెండు గుంజలు, ఒక వల, చందా వేసుకుని కొన్న ఒక బంతి ఉంటే చాలు. అంబేడ్కర్ జయంతికో సంక్రాంతికో పోటీలు పెడితే చుట్టుపక్కల ఊళ్ల జట్లు ట్రాలీ ఆటోల్లో దిగుతాయి. ఆ పోటీల్లో నేను చూసిన స్మాషర్లలో కనీసం నలుగురైదుగురు విశ్వవిద్యాలయ జట్టుకు ఏమాత్రం తీసిపోనివారు. వారిలో ఒక్కరు కూడా ఆ జట్టుకు ఆడలేదు.

ఎందుకు ఆడలేదన్నది అర్థం కావాలంటే దారి ఎలా ఉంటుందో చూడాలి. వాలీబాల్ ఆటగాడి బతుకును మార్చేది ట్రోఫీ కన్నా ధ్రువపత్రం. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ అండర్-14, 17, 19 విభాగాల్లో జరిపే జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఒక రకం పత్రం వస్తుంది. వాలీబాల్ సమాఖ్య గుర్తించిన జాతీయ పోటీల్లో ఆడితే మరొకటి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా నియామకాల్లో వీటిని ఫారం-1 నుంచి ఫారం-4 దాకా వర్గీకరించారు. రైల్వే, పోస్టల్, పోలీసు శాఖల తలుపులు తెరిచే తాళంచెవులు ఈ కాగితాలే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు, సింధు తండ్రి పి.వి.రమణ దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం చేసినవారే. వల మీద నుంచి బంతిని కొట్టినవాడికి నెలజీతం దొరకడం ఈ దేశంలో ఎన్నో కుటుంబాలను ఒక తరంలో పైకి తెచ్చింది.

ఆ పత్రాలన్నింటికీ మొదటి మెట్టు జిల్లా స్థాయి ఎంపిక. రంగారెడ్డి జిల్లా హైదరాబాద్‌ను చుట్టుకుని ఉంటుంది. ఎంపికలు సరూర్‌నగర్ స్టేడియంలో అంటే చేవెళ్ల పిల్లవాడు తెల్లవారకముందే మెహిదీపట్నం బస్సెక్కి, నగరం ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. అదీ తేదీ తెలిస్తే. ఆ తేదీ ఏ పంచాయతీ గోడ మీదా ఉండదు. సంఘం పెద్దల ఫోన్లలో, వారికి తెలిసిన కోచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటే ఆయన గ్రూపులో ఉండవచ్చు. ఆ పోస్టు ఖాళీగా ఉన్న బడి పిల్లలకు ఎంపికలు జరిగాయన్న వార్తే ఆలస్యంగా చేరుతుంది, ఒక్కోసారి అసలు చేరదు.

ఇక్కడే కులం పనిచేస్తుంది. దీని కోసం ఎవరూ ఎవరినీ తిట్టనక్కరలేదు, గెంటనక్కరలేదు. ఊరి మధ్య ఇంట్లోని పిల్లవాడికి ఒక మేనమామ ఉంటాడు. ఆయన జిల్లా సంఘంలో ఉపాధ్యక్షుడో, నగరంలో కళాశాల యాజమాన్యంలో భాగస్వామో, కనీసం అలాంటివాడికి వియ్యంకుడో అయి ఉంటాడు. భోజనాల దగ్గర మాటల్లోనే పిల్లవాడి పుట్టినతేదీ ఏ విభాగంలోకి వస్తుందో, ఏ పోటీకి గుర్తింపు ఉందో, పత్రం మీద ఎవరి సంతకం లేకపోతే చెల్లదో తేలిపోతుంది. దానికి వారు పైసా ఖర్చు పెట్టరు. అది ఒక సౌకర్యమని కూడా వారికి తట్టదు. మా వాడలో పిల్లవాడికీ మేనమామలు ఉన్నారు. ఒకరు హమాలీ, ఒకరు తాపీమేస్త్రీ. ప్రేమకు లోటు లేదు, సమాచారానికే లోటు. క్రీడా సలహాదారు అనే మనిషి అమ్ముతున్నది ఈ లోటునే. మనకు లేని మేనమామను ఆయన అద్దెకు ఇస్తున్నాడు.

ఆ అద్దె మామ పనికొస్తాడా? కొన్నిసార్లు వస్తాడని ఒప్పుకోవాలి. చెన్నైలోని ఎస్‌ఆర్‌ఎం వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు ఫీజు రాయితీలిచ్చి బలమైన వాలీబాల్ జట్లను కట్టుకున్నాయి. ఏ జట్టులో సెట్టర్ చదువు ముగించుకుని వెళ్లిపోతున్నాడో, ఎక్కడ బ్లాకర్ కావాలో తెలిసినవాడు ఆటగాడికి నిజంగా మేలు చేయగలడు. నాకు తెలిసిన ఒక కుర్రవాడి తల్లి చేవెళ్ల వైపు పూలతోటల్లో కూలికి వెళ్తుంది. సంఘంలో అప్పు తీసి ఒక సలహాదారుకు నలభై వేలు ఇచ్చింది. ఆయన మోసం చేయలేదు. కుర్రవాడి ఆటను వీడియో తీయించాడు, దరఖాస్తు పంపాడు, పొరుగు రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో ట్రయల్స్‌కు తీసుకువెళ్లాడు, సీటు వచ్చింది. రెండో ఏట మోకాలి లిగమెంటు తెగింది. ఫీజు రాయితీ జట్టులో ఆడినంతకాలమేనన్న సంగతి అప్పుడు బయటపడింది. సలహాదారు పని చేర్పించడంతోనే అయిపోయింది. శస్త్రచికిత్స ఎక్కడ, సెలవు ఎలా, చదువు ఎలా కొనసాగించాలి అని అడగటానికి తల్లి చేసిన ఫోన్లకు జవాబు లేదు. ఆ కుర్రవాడు ఇప్పుడు మొయినాబాద్ దారిలో డెలివరీ బండి నడుపుతున్నాడు. అసలు మేనమామకూ అద్దె మామకూ తేడా ఆ రెండో ఏడాదిలో తెలుస్తుంది.

ఇంజినీరింగ్ సీట్ల విషయంలో ఈ సలహా మరీ పలచన. కన్వీనర్ కోటాలో క్రీడలకున్న వాటా 0.5 శాతం. అంటే రెండు వందల సీట్లకు ఒకటి. ప్రాధాన్యక్రమం ఆటగాడు ఏ స్థాయిలో ప్రాతినిధ్యం వహించాడన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ ఆటలో ఎంతమందితో పోటీపడి అక్కడికి చేరాడన్నది లెక్కలోకి రాదు. వాలీబాల్‌లో రాష్ట్ర జట్టు అంటే పన్నెండు మంది, ఆ పన్నెండింటి కోసం వేలమంది. జిల్లాకు గుప్పెడు మంది ఆడే, పరికరాలకే లక్షలయ్యే ఆటల్లో జాతీయ పోటీకి వెళ్లడం వేరు. రెండింటికీ ఒకే తూకం. డబ్బున్న ఇల్లు మొదటే ఆ రెండో రకం ఆటను ఎంచుకుంటుంది. అలా ఎంచుకొమ్మని చెప్పే సలహాదారులూ ఉన్నారు. ఒకే సీటుకు ముగ్గురి దగ్గర రుసుము తీసుకుని, ఎవరికి వచ్చినా ‘నేనే ఇప్పించాను’ అనేవారినీ చూశాను.

ఇంకొంచెం కిందికి దిగితే నేరం మొదలవుతుంది. వైద్య విద్య సీట్ల క్రీడా కోటాలో ముడుపుల ఆరోపణలపై తెలంగాణ ఏసీబీ 2018లో దర్యాప్తు చేపట్టిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అలాంటివి బయటపడినప్పుడల్లా కోటానే ఎత్తివేయాలన్న మాట వినిపిస్తుంది. దొంగ పత్రం కొన్నవాడికి మరో దారి ఉంటుంది, మేనేజ్‌మెంట్ కోటా ఉంటుంది. కోటా పోతే దారి మూసుకుపోయేది నిజంగా ఆడినవాడికి.

డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడం మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో ఇది బహిరంగ వ్యాపారం. హైస్కూలు ఆటగాళ్లను కళాశాల కోచ్‌ల దృష్టికి తెచ్చే సంస్థలు అక్కడ చట్టబద్ధంగానే నడుస్తాయి. మన తెలుగు కుటుంబాలకూ అక్కడ అవి కొత్త కావు. 2019 మార్చిలో బయటపడిన ‘వర్సిటీ బ్లూస్’ కుంభకోణంలో రిక్ సింగర్ అనే ప్రవేశాల సలహాదారు, ఆటలో ఏ ప్రతిభా లేని ధనవంతుల పిల్లలను కూడా క్రీడాకారులుగా చూపించి పేరున్న విశ్వవిద్యాలయాల్లో చేర్పించాడు. అభియోగాలు ఎదుర్కొన్నవారిలో ఒక వాలీబాల్ కోచ్ కూడా ఉన్నారు. ఆయన కేసు విచారణ దాకా పోకుండా షరతులతో ముగిసింది. సింగర్‌కు 2023 జనవరిలో మూడున్నరేళ్ల శిక్ష పడింది. నేను గమనించినది ఒక్కటే. అక్కడ బయట నిలబడిపోయినవారు ఎక్కువగా ఎవరి పిల్లలో వేరే చెప్పనక్కరలేదు.

మా మిత్రుల్లో కొందరు వాదిస్తారు, ఎంసెట్ కోచింగ్‌కు లక్షలు కట్టడం లేదా, దీనికి కడితే తప్పేమిటని. మనవాళ్లే సలహాదారులైతే సరిపోదా అనేవారూ ఉన్నారు. కోచింగ్ మంచిదో చెడ్డదో గాని, కట్టిన డబ్బుకు పిల్లవాడికి నాలుగు లెక్కలు అదనంగా వస్తాయి. సలహాదారుకిచ్చిన డబ్బుతో ఎగురు ఒక్క అంగుళం పెరగదు. పురుషుల వల ఎత్తు 2.43 మీటర్లు, అది అలాగే ఉంటుంది. ఇక మనవాడే ఆ అద్దె వసూలు చేస్తే అద్దె తగ్గుతుందేమో, మేనమామ లేని పిల్లవాడు మాత్రం అలాగే మిగులుతాడు.

ఆటలో కులం ఎక్కడ కూర్చుంటుందో తెలుసుకోవాలంటే పల్వంకర్ బాలూను తలచుకోవాలి. చర్మకార కులంలో పుట్టిన ఈ బౌలర్ 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. బంతి విసిరేటప్పుడు ఎవరూ అడ్డుకోలేదు. హిందూ జట్టు నాయకత్వం మాత్రం ఆయనకు ఎన్నడూ దక్కలేదు. 1923లో గాని ఆయన తమ్ముడు విఠల్‌కు అది రాలేదు. అంటరానితనం మైదానంలో కన్నా ఎంపిక గదిలో ఎక్కువకాలం బతికింది. ఇవాళ్టి ఎంపిక గదికి తలుపులే కనబడటం లేదు, అది ఒక ఫోన్ గ్రూపు.

అందుచేత సలహాదారులను పోలీసులకు పట్టించండని నేను అడగను. వారి దుకాణంలోని సరుకును ప్రభుత్వం ఉచితంగా పంచితే దుకాణం దానంతట అదే మూతపడుతుంది. 2014లో సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. వారి ఇళ్లలో పర్వతారోహణ తెలిసిన మేనమామ ఎవరూ లేరు. సంస్థ ఆ పని చేసింది, ఎంపిక, శిక్షణ, ఖర్చు అన్నీ భరించింది. ఎవరెస్టుకు సాధ్యమైనది జిల్లా వాలీబాల్ ఎంపికలకు ఎందుకు సాధ్యం కాదు? 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలని బోర్డులు పెట్టారు. ఆ బోర్డు పక్కనే ఎంపికల ప్రకటన అంటించడానికి మైదాపిండి జిగురు తప్ప ఖర్చేముంది? ఖాళీ వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులు నింపడానికి ఖర్చుంది, నిజమే. అది పెట్టవలసిన ఖర్చే. పత్రాలను డిజిలాకర్‌లో ఉంచే పద్ధతిని కేంద్ర క్రీడా శాఖ జాతీయ సమాఖ్యలకు చెప్పింది. జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీలకూ అది వస్తే పత్రం కోసం సంఘం కార్యదర్శి ఇంటి చుట్టూ తిరిగే పని తప్పుతుంది, దొంగ పత్రాల బేరమూ తగ్గుతుంది. ఫీజు రాయితీ ఇచ్చి ఆటగాణ్ణి తీసుకున్న విశ్వవిద్యాలయం, గాయపడినా డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ రాయితీని కొనసాగించాలన్న నిబంధన కావాలి.

చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజినీరింగ్ కళాశాల క్రీడా కోటాకు ఇంటర్‌లో 75 శాతం మార్కులుండాలని పెట్టిన షరతును సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో కొట్టివేసింది. క్రీడలను ప్రోత్సహించేందుకు పెట్టిన కోటాను మార్కులతో వడపోయడం కుదరదని దాని సారాంశం. మార్కుల జల్లెడ చెల్లనప్పుడు పరిచయాల జల్లెడ మాత్రం ఎలా చెల్లుతుందో జిల్లా సంఘాలు జవాబు చెప్పాలి.

నన్ను అడిగే తల్లిదండ్రులకు ప్రస్తుతానికి నేను చెప్పేది ఇంతే. పుట్టినతేదీ పత్రం, ఆడిన ప్రతి పోటీ పత్రం నకళ్లు ఒక ఫైలులో పెట్టుకోండి. రాయితీ ఎన్నేళ్లో, గాయమైతే ఏమవుతుందో కళాశాల చేత రాయించుకోండి. డబ్బడిగిన మనిషిని, నీవు ముందు పంపిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నరో చూపించు అని అడగండి. ఇక సంఘాన్ని అడగవలసింది ఒకటుంది. వచ్చే జిల్లా ఎంపికలను ఒక్కసారి సరూర్‌నగర్‌లో కాకుండా చేవెళ్లలో పెట్టండి, తేదీని పదిహేను రోజుల ముందు మండల పరిషత్ గోడ మీద రాయండి. గుంజలు పాతడానికి, సున్నంతో గీతలు గీయడానికి మా వాడ కుర్రవాళ్లు వస్తారు. విజిల్ నా దగ్గర ఇంకా ఉంది.