కళ్ళు తిరగడం కంటి జబ్బు కాదు

పోయిన వేసవిలో మా అమ్మమ్మ వంటింట్లో గోడ పట్టుకుని నిలబడిపోయింది. "కళ్ళు తిరుగుతున్నాయిరా" అంది. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాను. నేను ఆ మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. నర్సు చూపు ఎలా ఉందని అడిగింది!

తప్పు నాదే. కానీ అసలు చిక్కు తర్వాత అర్థమైంది. గది గిర్రున తిరిగినట్టున్నా, చీకట్లు కమ్మి పడిపోయేలా ఉన్నా మా ఇంట్లో అనేది ఒకటే మాట: కళ్ళు తిరగడం. డాక్టరుకి మాత్రం ఆ తేడా ముఖ్యం. మొదటిది చాలాసార్లు లోపలి చెవి సమస్య. రెండోది బీపీ పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, ఒక్కోసారి గుండె సమస్య కూడా కావచ్చు.

అందుకే నా అభిప్రాయం ఇది. మాట నేర్చుకుంటే చాలదు, దాని తర్వాత అడగాల్సిన ప్రశ్న కూడా నేర్చుకోవాలి:

"గది తిరుగుతున్నట్టుందా, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా?"
"లేచి నిలబడితేనా, పడుకున్నా ఉంటుందా?"
"స్పృహ తప్పిందా?"

ఇంకో మాట. అమెరికాలో ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. 2010 నాటి ఆరోగ్య చట్టంలో 1557వ సెక్షన్ అదే చెబుతుంది. "నాకు తెలుగు వచ్చు" అనే పంతంతో నేను అడగలేదు. చివరికి డాక్టరే ఫోన్లో ఒకావిణ్ణి పిలిపించారు. ఆవిడ రెండు ప్రశ్నలు అడిగేసరికి అమ్మమ్మ చెప్పింది: "లేస్తే చీకట్లు కమ్ముతున్నాయమ్మా."

తెలుగు నేర్చుకుందాం. ఆసుపత్రిలో మాత్రం పంతం వద్దు.